ఐస్ మీద కొబ్బరి పెంకు

కోచ్ ఆ రోజు తాగి ఉన్నాడా అని మా మేనేజరు ముదీర్ నన్ను అడిగాడు. నేను "తెలియదు సార్" అన్నాను.

నాకు తెలుసు. ఆయన తాగలేదు. ఆ రోజే కాదు, నేను ఎరిగిన మూడేళ్లలో ఒక్క రోజూ తాగలేదు. ఐస్ మీద ఏం పడి ఉందో నాకు తెలుసు. ఎవరి వల్ల పడిందో కూడా తెలుసు. ఇదంతా చెప్పడానికి ఒక్క నిమిషం సరిపోయేది. ఆ నిమిషం నేను నోరు తెరవలేదు. ఆ తరవాత ఏడేళ్లు తెరవలేదు.

నిజామాబాద్ దగ్గర పసుపు కోల్డ్ స్టోరేజీలో పని మానేసి ఏడాదైంది. అక్కడ కొత్తగా చేరినవాళ్లు భోజనాల వేళ మస్కట్ కథలు చెప్పమని అడిగేవాళ్లు. ఎడారిలో మంచు మీద బండి నడిపిన కథ నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, చెప్పినప్పుడల్లా నవ్వించాను. కోచ్ దగ్గరికి వచ్చేసరికి "పాపం, మంచివాడు, వెళ్లిపోయాడు" అని దాటేసేవాణ్ణి. ఎందుకు వెళ్లిపోయాడో ఇప్పుడు రాస్తున్నాను. కంప్రెసర్ల దగ్గరా, బాయిలర్ల దగ్గరా డ్యూటీ చేసే పిల్లలు చదివితే సంతోషం.

నేను జగిత్యాలలో ఐటీఐ చేశాను, ఏసీ రిఫ్రిజిరేషన్. ఎనభై ఎనిమిదిలో బొంబాయిలో ఇంటర్వ్యూ. "ఐస్ పని తెలుసా?" అని అడిగారు. మా ఊళ్లో సోడాలకీ చేపలకీ గడ్డలు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది, అందులో ఆరు నెలలు చేశాను. "బాగా తెలుసు" అన్నాను. మస్కట్‌లో దిగాక అల్ ఖువైర్‌లో ఒక పెద్ద షెడ్డు లాంటి భవనంలోకి తీసుకెళ్లారు. బయట నలభై నాలుగు డిగ్రీలు. లోపల, మా ఊరి బస్టాండంత మేర, నేలంతా తెల్లటి మంచు. దాని మీద తెల్లవాళ్లు బూట్ల కింద బ్లేళ్లు కట్టుకుని జారుతున్నారు. నేను గడ్డలెక్కడ అని వెతుక్కున్నాను.

పని నేర్పింది మా ప్లాంటు మెకానిక్, మెట్‌పల్లి మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద, అన్న అని పిలిచేవాణ్ణి. మంచు కింద పైపుల్లో ఉప్పునీళ్లు చల్లగా తిరిగేలా చూడటం ఆయన డ్యూటీ. పైన మంచు నునుపుగా ఉంచడం నాది. దానికి ట్రాక్టరంత బండి ఒకటి ఉండేది. ముందు బ్లేడు గీకుతుంది, వెనక వేడినీళ్లు వదులుతుంది, ఆ నీళ్లను ఒక వెడల్పాటి గుడ్డ సమంగా పరుచుకుంటూ పోతుంది. రెండు నిమిషాల్లో అద్దంలా గడ్డకడుతుంది.

మస్కట్‌లోనే రూవి అనే పేటలో మా రూమ్, ఆరుగురం. మిగతా ఐదుగురూ కన్‌స్ట్రక్షన్ సైట్లలో పని. నేను స్వెట్టరు చంకలో పెట్టుకుని డ్యూటీకి బయల్దేరితే ఒకటే ఎగతాళి.

"మేం ఎండల మాడుతుంటే నువ్వు మంచు మీద కారు నడుపుతవు. నీ జాతకం ఏం జాతకంరా?"

"ఆయనకు కప్పుకునే దుబ్బటి గూడ కంపెనీయే ఇస్తదట!"

ఇంటికి ఉత్తరం రాస్తే మా బాపు జవాబు రాయించాడు: "మస్కట్‌ల చలి పెడుతుందని అబద్ధాలు రాయకు. ఏం కష్టముంటే అది రాయి." వాళ్లకు అర్థమయ్యేలా రాయడం నా వల్ల కాలేదు. పగలంతా కంప్రెసర్ హోరు, తెల్లటి నేల, నాకు రాని భాషలో కేకలు. రూమ్‌కి వస్తే సైట్ కబుర్లు, అందులో నాకు పాలు లేదు. ఎండ బాధ పంచుకోవడానికి పక్కన ఐదుగురు ఉంటారు. నా కాలి వేళ్లకు చలి వాపులు వస్తే చూపించుకోవడానికి ఎవరూ లేరు, నవ్వుతారు.

కోచ్ వచ్చింది మరుసటి ఏడాది. కెనడా మనిషి, యాభై దాటాయి. మన హాకీ కాదు, ఐస్ హాకీ. బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్ని కర్రలతో కొడుతూ మంచు మీద దూసుకుపోతారు, గుద్దుకుంటారు. ఆయన పన్నెండేళ్లు జీతానికి ఆడాడు. రెండు మోకాళ్లూ పోయాయి. ఆ తరవాత తొమ్మిదేళ్లు అక్కడి రేడియోలో అదే ఆటకు కామెంట్రీ చెప్పాడు. ఇక్కడ ఆయిల్ కంపెనీల ఇంజనీర్లకూ, వాళ్ల పిల్లలకూ, సరదాపడిన ఒమానీ కుర్రాళ్లకూ ఆట నేర్పడం పని. శుక్రవారం మ్యాచ్‌లకు పైన గాజు క్యాబిన్‌లో కూర్చుని మైకులో చెప్పేవాడు. అది హాలు దాటి ఎక్కడికీ పోదు. వినేది యాభై అరవై మంది.

నన్ను "చీఫ్" అని పిలిచేవాడు. మొదట్లో వెక్కిరింపు అనుకున్నాను. కాదు, ఆయన దేశంలో ఐస్ చూసుకునేవాడికి ఆ మర్యాద ఉందట. "ఆటగాడు తప్పు చేస్తే గోల్ పోతుంది. నువ్వు తప్పు చేస్తే మనిషి పోతాడు" అని మొదటి రోజే చెప్పాడు. ఆయన నియమం ఒకటి: ప్రతి మ్యాచ్ ముందు, ఆఖరిసారి నా బండి తిరిగాక, రబ్బరు బూట్లు వేసుకుని, చేతిలో కర్రతో, వంగి, ఆ మంచంతా అడుగడుగూ నడిచేవాడు. గుంట ఉందా, పగులు ఉందా, ఏదైనా పడిందా అని. పాడైన మోకాళ్లతో పావుగంట పట్టేది. నడిచాక రిజిస్టర్‌లో సంతకం పెట్టేవాడు. నేను నడుస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "ఈ సంతకం పెట్టేవాడే నడవాలి, చీఫ్."

మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా రింకు, అంటే ఆ ఐస్ హాలు, మూసి ఉండేది. అన్న ప్లాంటు రూమ్‌లో కునుకు తీసేవాడు. నేను బండి తీసేవాణ్ణి. ఒకరోజు సగం మంచు గీకానో లేదో, పైన స్పీకర్లలో గొంతు వినబడింది. క్యాబిన్‌లో కోచ్ ఒక్కడే, ముందు మైకు. ఖాళీ హాలుకి కామెంట్రీ చెబుతున్నాడు. ఆటగాళ్లు లేరు. ఉన్నది నేనూ, నా బండీ.

"చీఫ్ కుడి గోడ పక్కనుంచి వస్తున్నాడు... ఎవరూ ఆపేవాళ్లు లేరు... మలుపు తీసుకున్నాడు, ఆహా, ఎంత నెమ్మదైన మలుపు! లేడీస్ అండ్ జెంటిల్మెన్, ఈ లీగ్‌లో ఇంత నెమ్మదిగా ఆడే ఆటగాడు ఇంకొకడు లేడు..."

నేను నవ్వు ఆపుకోలేక బండి ఆపేశాను. "చీఫ్ ఆగిపోయాడు! పెట్రోలు అయిపోయిందా, ధైర్యం అయిపోయిందా?" అన్నాడు స్పీకర్. అప్పటి నుంచి మధ్యాహ్నాలు అలాగే గడిచేవి. ఆ దేశంలో నన్ను చూసి ఇన్ని మాటలు మాట్లాడింది ఆయన ఒక్కడే. ఆయన మాట వినే మనిషీ, ఆ గంటలో, నేనొక్కణ్ణే.

పాలు లేని సులేమానీ చాయ్ తాగుతూ బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆయన సంగతి కొంచెం కొంచెంగా తెలిసింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయనా చిన్న చిన్న మాటలే వాడేవాడు. రేడియోలో ఆయన చివరి మ్యాచ్‌లో ఒక ఆటగాడికి మెడ దగ్గర దెబ్బ తగిలింది. ఆ కుర్రాణ్ణి ఈయనే చిన్నప్పుడు ఆటలోకి తెచ్చాడట. మంచు మీద రక్తం చూసి ఈయన గొంతు పోయింది. మైకు ముందు కూర్చుని దాదాపు రెండు నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు.

"ఆ కుర్రాడి తల్లి ఇంట్లో రేడియో దగ్గర ఉంది, చీఫ్. రెండు నిమిషాలు ఆమెకు ఏమీ వినబడలేదు. బతికాడో లేదో చెప్పేవాడు లేడు."

కుర్రాడు బతికాడు. ఈయన ఉద్యోగం పోయింది. తరవాత రెండేళ్లు తాగాడు. భార్య కూతుర్ని తీసుకుని వెళ్లిపోయింది. ఆ తరవాత మానేశాడు. "ఇప్పుడు ఇదే" అని చాయ్ గ్లాసు చూపించాడు. ఈ సంగతి రింకులో నాకొక్కడికే తెలుసు. తాగేవాడన్న వదంతి మాత్రం ఆయనకంటే ముందే మస్కట్ చేరింది.

కోచ్ వచ్చిన మూడో ఏడు, దసరాకి కొన్నాళ్ల ముందు, ఆయన నా దగ్గరికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. దుబాయ్ టీమ్ మస్కట్‌కి వస్తోంది. ఇక్కడి ఇంగ్లీషు రేడియో ఆ మ్యాచ్‌ను లైవ్‌గా వేస్తుంది, కామెంట్రీ ఆయనదే. బాగా వస్తే ప్రతి శుక్రవారం ఒక అరగంట ప్రోగ్రాం ఇస్తామన్నారు.

"నా వయసులో ఇంకో మైకు దొరకదు, చీఫ్. ఇది పోతే ఇంక లేదు" అన్నాడు. ఆ వారమంతా మధ్యాహ్నాలు నా బండిని ఎగతాళి చేయడం మానేసి, దుబాయ్ ఆటగాళ్ల పేర్లు పలకడం సాధన చేశాడు.

ఆ శుక్రవారమే దసరా పడింది.

మా వైపు దసరా నాడు లారీకైనా, కుట్టుమిషన్‌కైనా, గడ్డపారకైనా బొట్టు పెట్టనిదే పని ముట్టుకోరు. మేమిద్దరం ఏటా బండికీ కంప్రెసర్‌కీ పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని ఊరుకునేవాళ్లం. ఆ ఏడు అన్న రూవి నుంచి కొబ్బరికాయ, నిమ్మకాయలు, బంతిపూల దండ తెచ్చాడు.

"తమ్మీ, ఇయ్యాల సారు రేడియోల మాట్లాడుతుండు. పెద్ద పూజ చెయ్యాలె. బండి మధ్యల ఆగిందనుకో, మన ఇజ్జత్ పోతది."

"కోచ్ వద్దంటడే అన్నా. ఐస్ మీద నీళ్లు తప్ప ఏదీ పడొద్దంటడు."

"ఐస్ మీద ఎవడు కొట్టమన్నడు? బయట గేటు కాడ కొడుదం. బండిని అక్కడిదాక తే."

బయట ఎండ. బండి బయటికి తీస్తే టైర్లకు ఇసుక అంటుతుంది, మళ్లీ కడగాలి. నాకు బద్ధకం. "ఇక్కడనే బండి షెడ్డుల కొడుదం, ఊడుద్దం" అన్నాను. అది నా ఆలోచన, అన్న ఆలోచన కాదు. కాయ నేల మీద కాకుండా బండి వెనక ఇనుప చట్రానికి కొట్టాను. మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బ గట్టిగా కొడితే పెంకు ముక్కలై నాలుగు దిక్కులా ఎగిరింది.

"ఏందిరా, కాయ కొట్టమంటే బాంబు పేల్చినవ్!" అన్న నవ్వాడు. ఇద్దరం ఊడ్చాం. కొబ్బరి తిన్నాం. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించి, ఆ తొక్కలూ ఏరాం. వెనక నీళ్లు పరిచే గుడ్డ తడిసి ముడతలు పడి వేలాడుతోంది. దాన్ని నేను దులపలేదు.

మూడున్నరకు ఆఖరిసారి బండి తిప్పాను. కిందికి దిగేసరికి హాలు సగం నిండింది. రేడియో వాళ్లు క్యాబిన్ నుంచి మెట్ల మీదుగా వైర్లు పరుస్తున్నారు. కోచ్ ఇస్త్రీ చొక్కా, టై. చెవికి ఒక హెడ్‌ఫోను తగిలించుకుని, మెట్ల మీద నుంచే నన్ను చూశాడు. చేతిలో రిజిస్టర్ ఉంది. కింద బెంచీ పక్కన ఆయన రబ్బరు బూట్లు ఉన్నాయి. పైనుంచి రేడియో మనిషి "సార్, సౌండ్ చెక్, రెండే నిమిషాలు" అని పిలుస్తున్నాడు. ఆయన బూట్ల వైపు చూశాడు, క్యాబిన్ వైపు చూశాడు.

"చీఫ్, నువ్వు నడిచావా?"

"నడిచాను సార్. క్లీన్."

నడవలేదు. ఆయన ఆత్రం చూసి, ఆయనకు సాయం చేస్తున్నాననుకున్నాను. బండి నడిపింది నేనే, కళ్లారా చూశాను, ఇంకేముంటుంది అనుకున్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, మెట్టు మీదే రిజిస్టర్ మోకాలికి ఆనించి సంతకం పెట్టాడు. మూడేళ్లలో నడవకుండా పెట్టిన సంతకం అదొక్కటే.

ఆట మొదలైంది. ఆయన గొంతు హాలు స్పీకర్లలో వస్తోంది, అదే గొంతు రేడియోలో మస్కట్ అంతా వెళ్తోంది. నాకు ఆ ఆట అప్పటికీ సగమే అర్థమయ్యేది. ఆ రోజు మాత్రం కళ్లు మూసుకున్నా ఆట కనిపించింది. బిళ్ల ఎక్కడుందో, ఎవరు ఎవరిని తప్పించుకుంటున్నారో ఆ గొంతు నా ముందు పెట్టేసింది. పక్కన అన్న, ఒక్క ముక్క ఇంగ్లీషు రానివాడు, "అబ్బ, ఏం చెప్తుండురా సారు" అన్నాడు.

పది నిమిషాలైందేమో. మస్కట్ టీమ్‌లో ఒక ఇంజనీరు, పదిహేడో నెంబరు, ఎడమ మూలలో మలుపు తీసుకున్నాడు. ఎవరూ తాకలేదు. కాలు ఉన్నట్టుండి ఆగిపోయింది, మనిషి ముందుకు పోయాడు. గోడకు తగిలిన చప్పుడు, ఆ వెంటనే ఆయన అరుపు.

స్పీకర్లు మూగబోయాయి. నేను తలెత్తి క్యాబిన్ వైపు చూశాను. కోచ్ లేచి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ బల్ల మీద. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు. నాకు ఆ పాత రెండు నిమిషాలు గుర్తొచ్చాయి.

గొంతు వచ్చింది. నిదానంగా, స్పష్టంగా.

"పదిహేడో నెంబరు కింద పడ్డాడు. కాలికి దెబ్బ తగిలింది. ఇంట్లో వింటున్న ఆయన కుటుంబానికి చెబుతున్నాను, ఆయన స్పృహలో ఉన్నాడు. డాక్టరు దగ్గరికి చేరాడు. ఆయన మాట్లాడుతున్నాడు, నేను చూస్తున్నాను. ఇప్పుడు చెయ్యి ఎత్తాడు. స్ట్రెచర్ వస్తోంది. మీకు కనిపించనిది ఏదీ నేను దాచడం లేదు..."

మనిషిని బయటికి తీసుకెళ్లేదాకా ఆయన ఆపలేదు. అంత మంచి పని చేస్తున్న మనిషిని నేను నా ఉద్యోగ జీవితంలో చాలా తక్కువసార్లు చూశాను.

ఐస్ బాగుచేయమని నన్ను పంపారు. పార పట్టుకుని ఆ మూలకు వెళ్లాను. మంచు పొరలో సగం దిగబడి, సగం పైకి లేచి, బొటనవేలి గోరంత గోధుమరంగు ముక్క. గుడ్డ ముడతలో ఇరుక్కున్నది మలుపులో జారి పడింది, దాని మీద నేను పోసిన నీళ్లే గడ్డకట్టాయి. వంగి పార అంచుతో లేపి, గుప్పిట్లో పెట్టుకున్నాను. చలికి అది చర్మానికి అంటుకుంది. స్వెట్టరు జేబులో వేసుకుని, గుంట పూడ్చి, వచ్చేశాను. రూమ్‌కి వెళ్తూ బస్టాపు పక్కన చెత్తడ్రమ్ములో పడేశాను.

శనివారం పొద్దున ముదీర్ గదిలో విచారణ. ముదీర్ అంటే మేనేజరు, ఒమానీ. అందరం ఆయన్ను ఆ అరబ్బీ మాటతోనే పిలిచేవాళ్లం. చిన్నప్పుడు బొంబాయిలో చదివాడు, మాతో హిందీలోనే మాట్లాడేవాడు; ఆ రోజు పక్కన కోచ్ కూడా ఉన్నాడని ఇంగ్లీషులో అడిగాడు. ఇంజనీరుకు కాలి ఎముక రెండు చోట్ల విరిగింది. ఆయన కంపెనీ రింకుకు పెద్ద ఆసరా, వాళ్లు రాత్రికి రాత్రే గట్టిగా ఉత్తరం రాశారు. బల్ల మీద రిజిస్టర్ తెరిచి ఉంది.

ముదీర్ నన్ను అడిగాడు. "మ్యాచ్ ముందు కోచ్ ఐస్ మీద నడిచాడా?"

"లేదు సార్."

నిజమే. ఎంత చక్కటి నిజం! దాని వెనకే చెప్పాల్సిన రెండో మాట ఉంది. కోచ్ నా వైపు చూశాడు. కోపం లేదు, ఆ మాట కోసం చూస్తున్నాడు. నేను నేల చూశాను. అక్కడ తివాచీ మీద పూలున్నాయి, వాటిని లెక్కపెట్టాను.

ముదీర్ కోచ్ వైపు తిరిగాడు. "నడవకుండా ఎందుకు సంతకం పెట్టారు?"

'వీడు నడిచానన్నాడు' అని ఆయన అనవచ్చు. రెండు ముక్కలు. ఆయన అన్నది ఇది: "సంతకం నాది. పెట్టేవాడే నడవాలి."

ముదీర్ కొంచెం ఇబ్బందిపడుతూ నన్ను అడిగాడు. "నిన్న ఆయన తాగి ఉన్నాడని కొందరంటున్నారు. నువ్వు దగ్గర ఉన్నావు. చెప్పు."

అప్పుడే అన్నాను, "తెలియదు సార్" అని.

ఎందుకన్నానో చాలా రకాలుగా చెప్పుకున్నాను. వీసా పోతుందని. ఇంటి దగ్గర చెల్లెళ్ల చదువులని. పూజ సంగతి బయటపడితే అన్న ఉద్యోగం కూడా పోతుందని. అన్నీ కొంత నిజాలే. అసలు సంగతి ఏమిటంటే, అప్పటికే ఆ గదిలో తప్పు ఒకరి పేరున రాసేశారు. దాన్ని అక్కడి నుంచి లాగి నా పేరున పెట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

రేడియో ప్రోగ్రాం పోయింది. తాగుబోతుకి మైకు ఎవరిస్తారు? రెండు వారాల్లో కోచ్ కాంట్రాక్టు ఖలాస్. వెళ్లే రోజు మధ్యాహ్నం వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. ఆయన గొంతు విని నేను ప్లాంటు రూమ్‌లో కంప్రెసర్ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. "చీఫ్ ఎక్కడ?" అని అడగడం వినబడింది. అన్న వచ్చీరాని ఇంగ్లీషులో "నో డ్యూటీ, సార్, టుడే నో" అన్నాడు. కాసేపటికి తలుపు మూసుకుంది.

అన్న లోపలికి వచ్చి నా ముఖం చూశాడు. "నిన్నే అడిగిండురా. మూడేండ్లు చాయ్ తాగినోనివి, పోయి చెయ్యన్న కలపకపోతివి. ఏమైంది నీకు?"

"కడుపుల నొస్తుంది" అన్నాను.

ఆరు నెలలకు నన్ను ఐస్ ఇన్‌చార్జిని చేశారు. నిర్లక్ష్యం లేని మనిషి అని ముదీర్ మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ప్రతి మ్యాచ్ ముందు నేనే నడిచాను, నేనే సంతకం పెట్టాను. కొత్త కోచ్‌లు వచ్చారు, పోయారు. క్యాబిన్‌లో మైకుకి గుడ్డ కప్పేశారు, మ్యాచ్‌లకు పాటల క్యాసెట్టు వేసేవాళ్లు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బండి చప్పుడు ఒక్కటే. అంతకుముందు నాకు ఆ హాలు అంత పెద్దదిగా ఎప్పుడూ అనిపించలేదు. అన్న కూడా కొన్నాళ్లకు విసిగి దేశం వెళ్లిపోయాడు. ఆయనకూ చెప్పలేదు.

ఏడేళ్ల తరవాత ఒక గురువారం ఆ ఇంజనీరు తన కూతుర్ని తీసుకుని రింకుకి వచ్చాడు. మధ్యలో వేరే దేశంలో పనిచేసి మళ్లీ వచ్చాడట. కాలు కొద్దిగా ఈడుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యి కలిపాడు, చాలా మంచిగా మాట్లాడాడు. కూతురికి ఎడమ మూల చూపించి, "అక్కడే పడ్డాను. మా కోచ్ తప్పతాగి ఉన్నాడు, ఐస్ చూడనే లేదు" అన్నాడు. నా వైపు తిరిగి నవ్వుతూ అడిగాడు. "ఆ తాగుబోతు ఇంకా బతికే ఉన్నాడా?"

ఆ పిల్ల నా ముఖం చూస్తోంది. నేను మళ్లీ అదే మాట అన్నాను. "తెలియదు సార్."

ఆ రెండోసారి నా గొంతు నాకే వినబడింది. భయపడటానికి ఈసారి వంకలు కూడా లేవు. చెల్లెళ్ల పెళ్లిళ్లయిపోయాయి, అన్న వెళ్లిపోయాడు. వదంతి కాస్తా చరిత్ర అయిపోయింది, ఇంకో తరానికి అందుతోంది. దాన్ని ఆపగలిగినవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే.

శనివారం పొద్దున ముదీర్ దగ్గరికి వెళ్లి, కాగితం మీద హిందీలో రాసుకున్నది ఆయన ముందు చదివాను. కాయ, పెంకు, నడిచానన్న అబద్ధం, చాయ్ గ్లాసు, అన్నీ. ఆయన అప్పటికి ముసలివాడయ్యాడు. విని, చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"కొబ్బరికాయా?" అన్నాడు చివరికి.

"అవును సార్."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీరు పంపించేస్తారని, సార్."

"పంపించేవాణ్ణేమో. పంపించకపోదునేమో. నాకెలా తెలుస్తుంది? నువ్వు నన్ను ఆలోచించుకోనివ్వలేదు కదా." కాగితం తీసుకుని, ఇంజనీరు కంపెనీకి కూడా ఒక నకలు పంపిస్తానన్నాడు. నన్ను ఏం చేసేదీ తరవాత చెబుతానన్నాడు. లేచి బీరువాలోంచి పాత ఫైలు తీసి, ఒక నెంబరు చీటీ మీద రాసి ఇచ్చాడు. "వీళ్లకు చెప్పడం సులువు. ఆయనకు చెప్పు."

ఆ సాయంత్రం రూవి టెలిఫోన్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ సాయంత్రం, వాళ్లకు పొద్దున. ఫోన్ బూత్‌లన్నీ నిండి ఉన్నాయి, బయట బెంచీల మీద మా జిల్లావాళ్లే పది పన్నెండు మంది వరుసలో ఉన్నారు. నా బూత్ తలుపు సరిగా పడదు. నెంబరు నొక్కాను. చాలాసేపు మోగింది.

"హలో" అన్నాడు. అదే గొంతు, కాస్త బొంగురు.

"సార్, మస్కట్ నుంచి. ఐస్ డ్రైవర్ని."

"చీఫ్?"

"అవును సార్."

"ఎంత కాలమైంది! బాగున్నావా? మీ ఇంట్లో అందరూ బాగేనా?" ఆయన ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతున్నాడట. రేడియో పని మళ్లీ దొరకలేదట. మస్కట్ సంగతి తన కంటే ముందే అక్కడికీ చేరిందని చెప్పి నవ్వాడు. మోకాలు ఒకటి మార్చారట. ఇవన్నీ ఆయనే చెప్పుకుంటూ పోయాడు. నేను ఫోను చేసింది ఊరికే పలకరించడానికి అనుకున్నాడు, అందుకు సంతోషపడుతున్నాడు. ఇంకాసేపు అలా సాగనిస్తే నేను పలకరించి పెట్టేసేవాణ్ణే.

మధ్యలో ఆపి, గొణిగినట్టు చెప్పాను.

"లైను బాగాలేదు, చీఫ్. ఏమీ వినబడలేదు. గట్టిగా చెప్పు."

తలుపు సందులోంచి బెంచీ మీద వాళ్లు నా వైపే చూస్తున్నారు. రిసీవర్ రెండు చేతులతో పట్టుకుని, హాలంతా వినబడేలా, నాకు వచ్చిన ఇంగ్లీషులో అరిచి చెప్పాను:

"సార్, ఆ రోజు ఐస్ మీద ఉన్నది కొబ్బరి పెంకు. నేను బండి మీద కొట్టిన కాయది. నేను నడవలేదు. మీరు అడిగితే నడిచానని అబద్ధం చెప్పాను. ఆ ముక్క నాకు దొరికింది, దాచాను. ఆఫీసులో మీరు నా వైపు చూశారు, నేను మాట్లాడలేదు. మీరు తాగలేదని నాకు తెలుసు. తెలిసీ తెలియదన్నాను. మీరు వెళ్లే రోజు నేను లోపలే ఉన్నాను, దాక్కున్నాను. తప్పంతా నాది. మీది కాదు. నన్ను క్షమించండి సార్."